బ్యాంకాకా, హనోయా: ఏ ఊరి వీధిలో మనుషులు దొరుకుతారు?

ప్రశ్న క్లుప్తంగా ఇదీ: కంపెనీ ఒక ఏడాది బ్యాంకాక్‌లో గానీ హనోయిలో గానీ ఉండమంటోంది. పనంతా ల్యాప్‌టాప్ మీదే. ఒక్కరే ఉండాలి. సాయంత్రాలు గదిలో ఫోన్ చూసుకుంటూ గడపడం ఇష్టం లేదు. వీధిలో సందడి, జనంతో మాటామంతీ ఏ ఊళ్ళో ఎక్కువ? థాయ్‌వాళ్ళు నవ్వుతూ ఉంటారు, వియత్నాం వాళ్ళు విసుక్కుంటారు అని అందరూ అంటున్నారు, అది నిజమేనా?

మందుల ఎగుమతుల పని మీద రెండు ఊళ్ళలోనూ ఇల్లు అద్దెకు తీసుకుని ఉన్నవాణ్ణి కాబట్టి చెబుతున్నాను. వెళ్ళిన వారంలోనే ఎవరో ఒకరు పలకరించాలి, పక్కన కూర్చోబెట్టుకోవాలి అనుకుంటే హనోయి. చుట్టూ జనం ఉంటే చాలు, నా జోలికి మాత్రం ఎవరూ రాకూడదు అనుకుంటే బ్యాంకాక్. మీ ప్రశ్న చూస్తే మీకు కావలసింది మొదటిదే అనిపిస్తోంది. అయితే బ్యాంకాక్‌ని అంత తేలిగ్గా తీసిపారెయ్యకండి, అక్కడా మనుషులు దొరుకుతారు, కాకపోతే టైం పడుతుంది.

ముందు ఆ నవ్వుల సంగతి. "థాయ్‌వాళ్ళు మంచివాళ్ళు, వియత్నాం వాళ్ళు కటువు" అనేది నాలుగు రోజుల టూరిస్టులు చెప్పే మాట. నాకు అర్థమైనంతలో స్వభావం కంటే వీధి కట్టుబడి ముఖ్యం. ఎవరు ఎక్కడ కూర్చుంటారు, ఎంతసేపు కూర్చుంటారు, ఇంటి గుమ్మానికీ రోడ్డుకీ మధ్య ఎంత దూరం ఉంది, వీటిని బట్టే పలకరింపులు ఉంటాయి. బ్యాంకాక్ వీధి నడిచి వెళ్ళిపోవడానికి, కొనుక్కుని వెళ్ళిపోవడానికి. హనోయి వీధి కూర్చోవడానికి. మిగతా తేడాలన్నీ దాదాపు ఇక్కడి నుంచే వస్తాయి.

హనోయి పాతపేట చూస్తే ఇది వెంటనే తెలుస్తుంది. 1010లో రాజధాని అయిన ఊరు అది. కోటకు తూర్పున చేతివృత్తుల వాళ్ళు ఒక్కో పనివాళ్ళు ఒక్కో వీధి పట్టుకుని స్థిరపడ్డారు. హాంగ్ బాక్ వెండి పనివాళ్ళది, హాంగ్ థియెక్ రేకు పనివాళ్ళది, హాంగ్ మా పూజల్లో కాల్చే రంగు కాగితాల సామాను వాళ్ళది. వీధి ముఖాన చోటు తక్కువ కాబట్టి ఇళ్ళు మూడు నాలుగు మీటర్ల వెడల్పుతో, లోపలికి మాత్రం గొట్టంలా పొడుగ్గా ఉంటాయి. ముందు కొట్టు, వెనక కాపురం. తర్వాతి రోజుల్లో ఒక్కో ఇంట్లో నాలుగైదు కుటుంబాలు సర్దుకోవాల్సి వచ్చింది. రేషను కూపన్ల కాలంలో సొంత వ్యాపారానికి వీలు లేదు, 1986లో సంస్కరణలు వచ్చాక ఆ గొట్టం ఇళ్ళ ముందు భాగాలన్నీ మళ్ళీ కొట్లయ్యాయి. లోపల కాలు చాపే చోటు లేదు, బయట వ్యాపారానికి అనుమతి వచ్చింది. ఇక జనం ఎక్కడికి పోతారు? పేవ్‌మెంట్ మీదికే.

మన పాత ఇళ్ళకి వీధి అరుగు ఉండేది గుర్తుందా, హనోయిలో పేవ్‌మెంట్ అచ్చం ఆ పని చేస్తుంది. అక్కడే కూరలు తరుగుతారు, గిన్నెలు తోముతారు, పిల్లలకి అన్నం తినిపిస్తారు, మధ్యాహ్నం ఒక కునుకు తీస్తారు. పొద్దున ఫ అనే నూడిల్స్ సూపు, మధ్యాహ్నం కాల్చిన పంది మాంసంతో తినే నూడిల్స్ బుంచా, అమ్మేదీ తినేదీ అన్నీ అక్కడే. ఆ చోటు కాగితం మీద మున్సిపాలిటీదే అయినా, వాడుకలో వెనకాల ఉన్న ఇంటివాళ్ళది. అందుకే అక్కడ నడవలేం. బండ్లు, పొయ్యిలు, ముక్కాలి పీటంత ప్లాస్టిక్ స్టూళ్ళు తప్పించుకుంటూ రోడ్డు మీదికి దిగాలి. కోప్పడకండి, మీకు కావలసిన మాటామంతీ అంతా ఆ స్టూళ్ళ మీదే ఉంది.

హనోయిలో మీరు మొదట వెతుక్కోవాల్సింది టీ కొట్టు. కొట్టు అనడం కూడా ఎక్కువే. చెట్టు కింద ఒక పెద్దావిడ, ఆవిడ ముందు మోకాలెత్తు బల్ల, పక్కన ఐసు డబ్బా, గ్రీన్ టీ కూజా. బల్ల మీద గాజు సీసాల్లో పల్లీ చిక్కీ, పొద్దుతిరుగుడు గింజలు, విడి సిగరెట్లు. ఒక మూల వెదురు గొట్టం హుక్కా. చుట్టూ నీలం, ఎరుపు స్టూళ్ళు ఎనిమిదో పదో. ఐసు వేసిన ఆ టీని చా దా అంటారు, మూడు నుంచి అయిదు వేల డాంగ్‌లు, అంటే మన డబ్బుల్లో పది పదిహేను రూపాయలు. ఆ పదిహేను రూపాయలకి గంట కూర్చున్నా ఎవరూ లేవమనరు. బ్యాంకు మేనేజరు, బైక్ టాక్సీ నడిపేవాడు, కాలేజీ పిల్లలు, పక్కింటి రిటైర్డు మాస్టారు, అందరికీ అదే స్టూలు. స్టూలు అంత చిన్నది కావడంలోనే ఉంది కిటుకు. మోకాళ్ళు పక్కవాళ్ళకి తగులుతాయి, గింజల పళ్ళెం మధ్యలో ఉంటుంది, తినమని మీ వైపు తోస్తారు. ఇక మాట్లాడకుండా ఎలా ఉంటారు?

మధ్యలో ఒక తమాషా జరుగుతుంది. వార్డు పోలీసుల చిన్న ట్రక్కు మలుపు తిరుగుతుంది. ఎవరో ముందే కేకేస్తారు. ఆవిడ బల్ల ఎత్తి ఇంట్లోకి, స్టూళ్ళు ఒకదాంట్లో ఒకటి దూర్చి గోడ వెనక్కి. కస్టమర్లందరూ గ్లాసులు చేత్తో పట్టుకుని, ఏమీ ఎరగనట్టు, ఊరికే నిలబడి కబుర్లాడుకుంటున్నవాళ్ళలా నిలబడతారు. ట్రక్కు వెళ్ళిపోతుంది. రెండు నిమిషాల్లో బల్ల మళ్ళీ బయటికి. ఆ రెండు నిమిషాలు మీరూ గ్లాసు పట్టుకుని వాళ్ళతో నిలబడ్డారంటే చాలు, మర్నాటి నుంచి ఆవిడకి మీరు ఎరిగిన మనిషి.

కూర్చున్నాక వచ్చే మొదటి ప్రశ్న "మీ వయసెంత?" రెండోది "పెళ్ళయిందా?" మూడోది జీతం కావచ్చు, ఇంటి అద్దె కావచ్చు. యూరప్ వాళ్ళు దీనికి బెంబేలెత్తిపోతారు. మనకేం కొత్త? విజయవాడ రైల్లో ఎదుటి సీటు ఆవిడ గుంటూరు వచ్చేలోపు ఇవన్నీ అడిగేస్తుంది. వియత్నాంలో దీనికి ఇంకో అవసరం కూడా ఉంది. నువ్వు, నేను అనడానికి కూడా వాళ్ళు వరసలే వాడతారు కాబట్టి అన్నయ్యా, తమ్ముడా, బాబాయా, అత్తా అనేది తేలందే వాక్యమే ముందుకు సాగదు. వరస కలపాలంటే వయసు తెలియాలి. కాబట్టి తడుముకోకుండా చెప్పెయ్యండి, తిరిగి మీరూ అడగండి. తిరిగి అడగకపోతేనే మర్యాద తెలియని మనిషి అనుకుంటారు.

విసుక్కుంటారు అన్న పేరు ఎందుకు వచ్చిందంటే, హనోయి వాళ్ళు ఊరికే నవ్వరు. కొనేటప్పుడు గొంతు పెద్దది చేస్తారు. మార్కెట్లో ధర అడిగి, బేరమాడి, కొనకుండా పోతే చీవాట్లు తప్పవు, ముఖ్యంగా పొద్దున్నే. కారణం మనకి చెప్పక్కర్లేదు, బోణీ. ఆ రోజు మొదటి బేరం ఎలా జరిగితే రోజంతా అలాగే జరుగుతుందని వాళ్ళ గట్టి నమ్మకం. మొదటి మనిషి బేరం చెడగొట్టిపోతే ఒక కాగితం ముక్క వెలిగించి ఆ దరిద్రాన్ని తోలేవాళ్ళు కూడా ఉన్నారు. బ్యాంకాక్‌లోనూ బోణీ ఉంది, కాకపోతే దాని ముచ్చట వేరు. బట్టలమ్మే ఆవిడ మొదటి కస్టమరు ఇచ్చిన నోటుని చేత్తో పట్టుకుని వరసగా సరుకంతటి మీదా టపటపా తట్టుకుంటూ పోతుంది. హనోయిలో బోణీ చెడితే మీకు వినపడుతుంది, బ్యాంకాక్‌లో చెడినా మొహంలో కనపడదు. అంతమాత్రాన ఒకరు చెడ్డవాళ్ళు, ఒకరు మంచివాళ్ళు అయిపోరు.

ఇప్పుడు బ్యాంకాక్. 1782లో రాజధాని అయిన ఆ ఊరు మొదట్లో కాలవల ఊరు. చారోన్ క్రుంగ్ అనే మొదటి ఆధునిక రోడ్డు పడిందే 1860ల్లో. ఆ తర్వాత కాలవలు పూడ్చి రోడ్లు వేశారు, తోటలూ పొలాలూ పొడుగాటి చీలికలుగా అమ్ముడయ్యాయి, ఒక్కో చీలిక మధ్యలో ఒక్కో సందు పడింది. ఆ సందునే సొయ్ అంటారు. సొయ్‌లు చాలావరకు లోపలికి కిలోమీటరు దాకా పోయి అక్కడే ఆగిపోతాయి, పక్క సొయ్‌కి దారి ఉండదు. లోపల ఉన్నవాళ్ళందరూ మొదట్లోకి వచ్చి పెద్ద రోడ్డు ఎక్కాల్సిందే. దాంతో సొయ్ మొదలే ఆ పేటకి నడిబొడ్డు అయింది. మీరు బ్యాంకాక్‌లో ఇల్లు చూసేటప్పుడు గదిని తర్వాత చూడండి, ముందు ఆ సొయ్ మొదలు ఎలా ఉందో చూడండి.

మంచి సొయ్ మొదలు ఇలా ఉంటుంది. ఒక సెవెన్ ఎలెవెన్ కిరాణా కొట్టు. దాని ముందు బొగ్గుల మీద పంది మాంసం పుల్లలు కాల్చే బండి, పక్కన జిగురన్నం పొట్లాలు. ఇంకో బండి మీద పచ్చి బొప్పాయి తురిమి రోట్లో దంచే ఆవిడ, ఆ రోకటి చప్పుడు సాయంత్రమంతా వినిపిస్తూనే ఉంటుంది. మిరపకాయలు ఎన్ని వెయ్యమంటావని వేళ్ళు చూపించి అడుగుతుంది. మీరు గుంటూరు ధీమాతో చెయ్యి మొత్తం చూపిస్తే చుట్టూ ఉన్నవాళ్ళందరూ మీ వైపు తిరుగుతారు, తిన్నారా లేదా అని చూడ్డానికి. (బ్యాంకాక్‌లో ముక్కూ మొహం తెలియనివాళ్ళతో మాట కలవడానికి ఇంతకంటే సులువైన దారి నాకు తెలియదు.) ఒక మూల నారింజ రంగు కోట్లు తొడుక్కున్న బైక్ టాక్సీ వాళ్ళు, బల్ల మీద గళ్ళు గీసుకుని సీసా మూతలతో ఆట ఆడుతుంటారు. వరస వచ్చినవాడు లేచి వెళ్ళిపోతాడు, ఆట ఆగదు, ఇంకొకడు కూర్చుంటాడు. గోడ పక్కన స్తంభం మీద చిన్న దేవుడిల్లు, దానికి పూలదండ, ముందు స్ట్రా వేసి పెట్టిన ఎర్ర ఫాంటా సీసా.

ఇంత సందడి ఉన్నా అక్కడ ఎక్కువసేపు కూర్చునేవాళ్ళు తక్కువ. బ్యాంకాక్ వాళ్ళు కొని పట్టుకుపోతారు. కూర, పులుసు, చివరికి ఐస్ టీ కూడా ప్లాస్టిక్ సంచిలో పోసి, గాలి పట్టేలా బిగించి, రబ్బరు బ్యాండు ఒక్క మెలికలో చుట్టేస్తారు, చూడ్డానికి భలే ఉంటుంది. చిన్న అపార్ట్‌మెంట్లలో చాలావాటికి సరైన వంటిల్లే ఉండదు, ఇంట్లో వండుకోవడం కంటే బండి మీద కొనడం చవక. ఆఫీసు నుంచి వచ్చేవాళ్ళు వేళ్ళకి నాలుగు సంచులు తగిలించుకుని, బైక్ టాక్సీ వెనక ఒక పక్కగా కూర్చుని, సొయ్ లోపలికి వెళ్ళిపోతారు. తర్వాత ఏసీ, తలుపు, టీవీ. ఎండ కూడా కారణమే. మధ్యతరగతి సాయంత్రాల్లో సగం మాల్స్ పట్టుకుపోయాయి. పైన ఆకాశ రైలు, దాని స్టేషన్ల నుంచి నేరుగా మాల్‌లోకి వంతెన, కాలు నేలకి తగలకుండానే సియామ్ దగ్గర ఒక పూట గడిపెయ్యొచ్చు.

ఇంకో సంగతి ఉంది, ఇది కొంచెం సున్నితమైనదే. బ్యాంకాక్ సొయ్ మొదట్లో బండి పెట్టేవాళ్ళు, బైక్ నడిపేవాళ్ళు చాలామంది ఈశాన్ అనే ఈశాన్య ప్రాంతపు పల్లెల నుంచి వచ్చినవాళ్ళు. కాండోల్లో ఉండేవాళ్ళు వేరే తరగతి. ఇద్దరి మధ్యా మర్యాద ఉంది, నవ్వు ఉంది, కలిసి కూర్చోవడం మాత్రం లేదు. హనోయి టీ బల్ల దగ్గర మేనేజరూ బైకువాడూ ఒకే పళ్ళెంలో గింజలు ఒలుచుకోవడం లాంటిది బ్యాంకాక్‌లో నేను అరుదుగా చూశాను. హనోయిలో హోదా భేదం లేదని కాదు, అక్కడా పెద్ద కార్లూ గేటెడ్ టవర్లూ పెరుగుతున్నాయి. పాత సందుల్లో మాత్రం స్టూలు ఇంకా అందరికీ ఒకటే.

మరి బ్యాంకాక్‌లో పరిచయాలు ఎలా అవుతాయి? రోజూ అదే బండి, అదే టైం. ఇంతకు మించి ఉపాయం లేదు. మొదటి నెలంతా నవ్వు తప్ప ఏమీ రాదు. థాయ్‌వాళ్ళకి ఎదుటి మనిషిని ఇబ్బంది పెట్టకూడదు అనే జంకు చాలా ఎక్కువ. మీరు చెవిలో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఉంటే అసలు పలకరించరు. తర్వాత ఒకరోజు మీరు అడగకుండానే ఎప్పటి సరుకు చేతికి వస్తుంది. ఇంకొన్నాళ్ళకి పైన ఒక గుడ్డు ఎక్కువ పడుతుంది. ఊరెళ్ళి తిరిగొస్తే "ఎక్కడికి పోయావు, కనపడలేదు?" అంటారు. ఆ ప్రశ్న వచ్చిందంటే మీరు ఆ సొయ్ మనిషి అయిపోయినట్టే. హనోయిలో మొదటి రోజే జీతం అడిగినవాళ్ళు మూడో నెలకి మిమ్మల్ని మర్చిపోవచ్చు. బ్యాంకాక్ బండి ఆవిడ మర్చిపోదు. ఏది గొప్ప అంటే నా దగ్గర సమాధానం లేదు. ఏడాదికే వెళ్తున్నారు కాబట్టి తొందరగా అయ్యేదాన్ని ఎంచుకోమంటున్నాను, అంతే.

చిన్న హెచ్చరిక. బండి ఆవిడని "పా", అంటే పెద్దమ్మా, అని పిలవకండి, వయసు ఎక్కువ కట్టారని నొచ్చుకోవచ్చు. "ఫీ" అంటే అక్క, అన్న రెండిటికీ సరిపోతుంది, ఎవరూ బాధపడరు.

రెండు ఊళ్ళలోనూ ప్రభుత్వానికి ఈ సందడి అంటే పడదు. 2017లో హనోయి అధికారులు పేవ్‌మెంట్ తిరిగి స్వాధీనం చేసుకుంటాం అని బయల్దేరి, ఇళ్ళ ముందు బయటికి పొడుచుకొచ్చిన మెట్లు కూడా పగలగొట్టారు. కొందరు ఇంట్లోకి వెళ్ళడానికి నిచ్చెనలు, పీటలు వేసుకున్నారు. అదే ఏడాది బ్యాంకాక్‌లో బండ్లన్నీ తీసేస్తామన్న ప్రకటన వచ్చింది, గొడవ అయ్యాక చైనాటౌన్ అయిన యావ్వరాట్, టూరిస్టులు చేరే ఖావొసాన్ లాంటి చోట్లకి మినహాయింపు ఇచ్చారు. ఆ సంవత్సరం డిసెంబరులోనే హోటళ్ళకి స్టార్లు ఇచ్చే మిషెలిన్ గైడ్ వాళ్ళు జే ఫై అనే వీధి పక్క కొట్టుకి స్టార్ ఇచ్చారు, అది వేరే కామెడీ. తేడా ఏమిటంటే, బ్యాంకాక్‌లో తీసేసిన బండ్లు చాలాచోట్ల నిజంగానే పోయాయి. సుఖుంవిత్ 38వ సొయ్‌లో రాత్రి బండ్లు అంతకు ముందే పోయాయి. బండికి వెనక ఇల్లు లేదు కదా, తోలేస్తే ఎక్కడికో పోవాలి. హనోయి స్టూలుకి వెనకాలే ఇల్లుంది, ట్రక్కు పోగానే మళ్ళీ బయటికి వస్తుంది. అందుకే హనోయి వీధి ఇప్పటికీ నిలబడింది అనుకుంటాను.

సాయంత్రాల గురించి అడిగారు కాబట్టి రెండు చోట్లు చెబుతాను. హనోయిలో హోవాన్ కియెమ్ చెరువు. తెల్లవారుజామున అయిదింటికే చుట్టూ ముసలీ ముతకా వ్యాయామాలు, నృత్యాలు, బ్యాడ్మింటన్. 2016 సెప్టెంబరు నుంచి శుక్రవారం సాయంత్రం మొదలుకుని ఆదివారం రాత్రి దాకా చెరువు చుట్టూ రోడ్లలో వాహనాలు ఆపేస్తున్నారు. కాలితో ఈకల బంతి తన్నే ఆట ఉంటుంది, గుండ్రంగా నిలబడి ఆడతారు, కొత్తవాళ్ళు పక్కన నిలబడితే బంతి వాళ్ళ వైపు తన్నేస్తారు, అదే ఆహ్వానం. తాడాట, తాడు లాగుడు, పాటల గుంపులు, ఎవరికి వారు అన్నీ. కాలేజీ పిల్లలు ఇంగ్లీషు ప్రాక్టీసు కోసం విదేశీయుల్ని వెతుక్కుంటూ తిరుగుతారు. మీ దగ్గరికి తప్పకుండా వస్తారు. వాళ్ళకి గంట టైం ఇవ్వండి. నాకు తెలిసిన చాలామందికి హనోయి స్నేహాలు అక్కడే మొదలయ్యాయి.

బ్యాంకాక్‌లో లుంపినీ పార్కు. మన హుస్సేన్ సాగర్ పక్కన ఉన్నదానిదీ అదే పేరే అనుకోండి, కాకపోతే అక్కడ చెరువులో మొసలి పిల్లలంత ఉడుములు ఉంటాయి, గట్టెక్కి దారికి అడ్డంగా పడుకుంటాయి. సాయంత్రం పెద్ద స్పీకర్లు పెట్టి గుంపుగా ఏరోబిక్స్ చేస్తారు, ఎవరైనా వెనక వరసలో చేరిపోవచ్చు. సరిగ్గా ఆరింటికి జాతీయ గీతం వస్తుంది. పరుగెత్తేవాళ్ళు ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోతారు, మీరూ ఆగండి. అయిపోగానే ఏమీ జరగనట్టు మళ్ళీ పరుగు. ఒకరితో ఒకరు మాట్లాడుకోకపోయినా అందరూ కలిసి ఒక పని చేయడం బ్యాంకాక్‌కి బాగా తెలుసు. మాట కోసం వెళ్ళినవాళ్ళకి మాత్రం అది కొంచెం వెలితిగానే ఉంటుంది.

రాత్రి పొద్దుపోయాక బయట తిరిగే అలవాటు ఉంటే లెక్క మారుతుంది. హనోయి త్వరగా పడుకునే ఊరు, తా హియెన్ లాంటి బీరు వీధులు వదిలేస్తే పదకొండింటికి షట్టర్లు పడిపోతాయి. బ్యాంకాక్‌లో యావ్వరాట్ అప్పటికి మంచి ఊపు మీద ఉంటుంది, అర్ధరాత్రి దాటాక కూడా ఏదో ఒక మూల వేడి గంజి దొరుకుతుంది. మీ ఆఫీసు వాళ్ళు అమెరికా టైంలో పనిచేయమంటే హనోయి వీధి మీకు దక్కనే దక్కదు, మీరు లేచేసరికి పొద్దుటి సందడి అయిపోతుంది. అలాంటప్పుడు బ్యాంకాకే నయం.

ఇల్లు ఎక్కడ అన్నది ఊరికంటే ముఖ్యం. హనోయిలో విదేశీయులందరూ తాయ్ హో చెరువు వైపు చేరతారు, అక్కడ కాఫీ బాగుంటుంది, పొరుగు ఉండదు. బా దిన్, దోంగ్ దా ప్రాంతాల్లో సందులో సందు ఉన్నచోట చూడండి. అడ్రసు 12/34/5 లాగా గీతలతో ఉంటే సందులో సందులో సందు అని అర్థం. డెలివరీ కుర్రాడు దారి తప్పి సందు మొదట్లో టీ ఆవిడని అడుగుతాడు, ఆవిడ మీ ఇల్లు చూపిస్తుంది. అంటే మీరు ఎప్పుడు వెళ్ళారో, ఎవరితో వచ్చారో కూడా ఆవిడకి తెలుస్తుందన్నమాట. ప్రైవసీ కావాలంటే ఆ సందు మీకు పనికిరాదు. పొద్దున్నే వార్డు మైకులో ప్రకటనలు వినిపిస్తే తిట్టుకోకండి. బ్యాంకాక్‌లో అయితే అసోక్ చుట్టుపక్కల అద్దాల టవర్లు వద్దు. ఆరీ, బాంగ్ రక్, నది అవతల వోంగ్‌వియన్ యై, ఈ మూడిట్లో ఎక్కడైనా సొయ్ మొదలు బతికే ఉంది. ఇల్లు చూడ్డానికి సోమవారం వెళ్ళకండి, ఆ రోజు చాలా బండ్లు పెట్టరు, వీధి చచ్చిపోయినట్టు కనపడి మోసపోతారు.

శాకాహారులైతే రెండు చోట్లా తిప్పలే, కానీ దారులున్నాయి. హనోయిలో అమావాస్యకీ పౌర్ణమికీ చాలామంది మాంసం మానేస్తారు, "చాయ్" అని బోర్డున్న హోటళ్ళు ఆ రోజుల్లో కిటకిటలాడతాయి. ఆ బోర్డు చూసి టీ అనుకుని లోపలికి వెళ్ళే తెలుగువాళ్ళు ఉన్నారు, శాకాహారం దొరుకుతుంది కాబట్టి నష్టం లేదు. బ్యాంకాక్‌లో పసుపు రంగు మీద ఎర్ర అక్షరాల జెండా వెతకండి. అక్టోబరు ప్రాంతంలో తొమ్మిది రోజుల పండగప్పుడు యావ్వరాట్ అంతా ఆ జెండాలే. చేపల సాస్ మాత్రం మామూలు బండి మీద ఏ కూరలోనైనా ఉంటుంది, ముందే చెప్పాలి.

ఒంటరిగా ఉండే ఆడవాళ్ళు అడిగితే కూడా నేను ఇవే చెబుతాను. రెండు ఊళ్ళలోనూ వీధి వ్యాపారం ఎక్కువగా ఆడవాళ్ళ చేతుల్లోనే ఉంది. హనోయిలో చుట్టుపక్కల పల్లెల నుంచి కావడి మోసుకుని, సైకిల్ మీద పూలూ పళ్ళూ పెట్టుకుని వచ్చేవాళ్ళూ వాళ్ళే. కాబట్టి ఎక్కడ కూర్చున్నా పక్కన ఒక ఆడమనిషి ఉంటుంది. హనోయి బీరు బల్లల దగ్గర మాత్రం మగవాళ్ళ గోల ఎక్కువ.

మనవాళ్ళ సంగతి. బ్యాంకాక్‌లో భారతీయులు ఎక్కువ, పాహురాట్ మార్కెట్ ఉంది, సీలోమ్ రోడ్డులో పందొమ్మిదో శతాబ్దంలో తమిళులు కట్టిన అమ్మవారి గుడి ఉంది, నవరాత్రికి థాయ్‌వాళ్ళే ఎక్కువగా వస్తారు. హనోయిలో మనవాళ్ళు కొద్దిమందే, అందుకే గట్టిగా అతుక్కుపోతారు. శని ఆదివారాలు ఎవరో ఒకరి ఇంట్లో బిర్యానీ, క్రికెట్టు, పప్పుల డబ్బాల బదిలీలు. బాగానే ఉంటుంది, కానీ ప్రతి వారం వెళ్ళారంటే చెరువు దగ్గర సందడి మీకు ఫోటోల్లోనే కనపడుతుంది. నెలకి ఒకసారి చాలు.

భాష విషయంలో హనోయికి చిన్న లాభం. లిపి రోమన్ కాబట్టి మొదటి రోజే బోర్డు చదవొచ్చు, పలకడం మాత్రం ఆరు స్వరాలతో చంపేస్తుంది. థాయ్ లిపి కొన్నాళ్ళు గోడలా అడ్డంగా నిలబడుతుంది. అంకెలు, ధరలు, "కారం తక్కువ", "చేప సాస్ వద్దు", ఇవి ముందే నేర్చుకుని వెళ్ళండి. రోడ్డు దాటడం హనోయిలో వేరే విద్య. నెమ్మదిగా, ఆగకుండా, వెనక్కి అడుగెయ్యకుండా నడవండి, బైకులు మీ చుట్టూ తిరిగి పోతాయి. పరుగెత్తితేనే ప్రమాదం.

ఎప్పుడు దిగాలి అన్నది కూడా చూసుకోండి. చాంద్రమాన కొత్త సంవత్సరం టెట్ జనవరి చివర్లోనో ఫిబ్రవరిలోనో వస్తుంది, అప్పుడు హనోయి ఊరంతా సొంతూళ్ళకి పోతుంది, టీ ఆవిడతో సహా. ఆ తర్వాత కొన్ని వారాలు చలి, సన్నటి ముసురు. ఏప్రిల్ 13 నుంచి 15 దాకా థాయ్ కొత్త సంవత్సరం సొంక్రాన్‌లో బ్యాంకాక్‌లో నీళ్ళాట జోరుగానే ఉంటుంది, కానీ మీ సొయ్ మొదట్లో బండ్లవాళ్ళూ బైకులవాళ్ళూ ఈశాన్ బస్సుల్లో ఉంటారు. కంపెనీ తేదీ మీ చేతుల్లో పెడితే హనోయికి అక్టోబరులో వెళ్ళండి, గాలి చల్లబడి అందరూ బయట కూర్చునే నెల అది. మొదటి నెల ఇల్లు అద్దెకు తీసుకోకుండా ఏదైనా గెస్ట్‌హౌస్‌లో దిగి, రోజుకో సందులో టీ తాగి, ఆ తర్వాతే అడ్వాన్సు ఇవ్వండి.